హైమ పేరు పక్కన అంకె

హైమావతి చేతులు మొట్టమొదట మొరాయించింది ఆవకాయ సీసా మూత దగ్గర. తర్వాత జడ క్లిప్పు దగ్గర, ఆ తర్వాత ఇంటి తాళం దగ్గర. ఇరవై రెండేళ్ళ నుంచీ రోజుకి ఆరేడు గంటలు టైపు కొడుతున్న చేతులు, ఎన్నాళ్ళని ఓర్చుకుంటాయి? మణికట్టు దగ్గర నరం నలిగిపోతోందన్నాడు డాక్టరు. రెండు చేతులకీ పట్టీలు బిగించి, విశ్రాంతి తీసుకోమ్మా అన్నాడు. విశ్రాంతట! అనడానికి ఆయనదేం పోయింది?

ఆవిడ ఉద్యోగం అలాంటిది. విశాఖపట్నంలో చెవులు వినబడని ఆడపిల్లల కాలేజీ ఒకటుంది. మాస్టారు పాఠం చెబుతూంటే హైమ పక్కన కూర్చుని, ఆయన నోట్లోంచి వచ్చిన మాట వచ్చినట్టు టైపు చేస్తుంది. అది గోడమీది తెరపైన పడుతుంది, పిల్లలు చదువుకుంటారు. మాస్టారు దగ్గినప్పుడూ, సుద్దముక్క వెతుక్కున్నప్పుడూ తప్ప ఆవిడ వేళ్ళకి తెరిపి ఉండదు. పోనీ సెలవు పెడదామంటే ఆ పని చేసేవాళ్ళు ఆ కాలేజీకి ఇంకొకరు లేరు.

ఇంట్లో దీనికి వైద్యుడు లేడా అంటే ఉన్నాడు. స్వయానా మొగుడే.

త్రినాథ్ ఆవిడకి మేనత్త కొడుకు. చిన్నప్పటి నుంచీ బావా బావా అని పిలిచి, పెళ్ళయ్యాక కూడా ఆ పిలుపే ఉంచేసుకుంది. అతనికి కీబోర్డుల పిచ్చి. హాల్లో షోకేసులో బొమ్మలుండాల్సిన చోట పదకొండు కీబోర్డులుంటాయి, అన్నీ నడిమికి విరిచినవే. ఒక సగం కుడిచేతి కింద, ఇంకో సగం ఎడంచేతి కింద, భుజాలు ముడుచుకోకుండా ఎవరి వెడల్పుకి తగ్గట్టు వాళ్ళు పెట్టుకోవాలిట. సముద్రపు గాలికి లోపలి స్ప్రింగులు తుప్పు పడుతున్నాయని ఆ షోకేసులో గుడ్డమూటల్లో బియ్యం కట్టి పెట్టాడు. మీటలమీద ప్లాస్టిక్ బొత్తాలు వేలికి చెమట పట్టిస్తాయని ఏటికొప్పాక వెళ్ళి అంకుడు కర్రతో చేయించి లక్కరంగు వేయించాడు. ఆ బొత్తాలు మాత్రం నిజంగానే బాగుంటాయి, అన్యాయం చెప్పకూడదు.

ఇక కంప్యూటరు సంగతి. అందరూ కొన్నప్పుడు ఎలా వస్తే అలా వాడుకుంటారు కదా, త్రినాథ్ అలా కాదు. అతనిది లినక్స్, ఎవరికి కావలసినట్టు వాళ్ళు మార్చుకునే రకం. తెరమీద ప్రతిదీ తన చేత్తో పెట్టినదై ఉండాలి. కిటికీల అంచు రెండు పిక్సెళ్ళుండాలా మూడుండాలా అని మూడు సాయంత్రాలు తలపట్టుకున్నాడు. ఇంటి ఓనరు సున్నాలు వేయించినప్పుడు ఏం రంగు బావా అంటే, నీ ఇష్టమే అని తలెత్తకుండా తేల్చేశాడు. హైమ ఈ వేషాలన్నీ నవ్వుతూ భరించింది. తన పాత లాప్‌టాప్‌నీ, దాని పలక కీబోర్డునీ మాత్రం ముట్టుకోనివ్వలేదు.

పోయినేడు జూన్ నుంచీ ఆ నవ్వు కూడా తగ్గింది. దానికో కారణం ఉంది, తర్వాత చెబుతాను.

ఫిబ్రవరిలో ఓ ఆదివారం పొద్దున్న ఆవిడ కాఫీ గ్లాసు జారవిడిచింది. త్రినాథ్ గాజుపెంకులు ఏరి, తుడిచి, మేడమీదికి వెళ్ళి ఓ అట్టపెట్టె పట్టుకొచ్చాడు. ఆ మేడమీది గదే అతని ల్యాబు.

"ఇంకెన్నాళ్ళే ఆ పలకతో?" అన్నాడు.

"దానికేం, బాగానే ఉంది."

"అది బాగానే ఉంది. నువ్వే బాగోలేవు."

వాదించే ఓపిక హైమకి లేదు. కుర్చీలో కూర్చుంది. త్రినాథ్ ఆవిడ వేళ్ళ పొడుగు కొలిచి, రెండు సగాలనీ మోచేతుల వెడల్పుకి జరిపి, అరచేతులు ఒకదానికొకటి ఎదురెదురుగా ఉండేలా కింద కర్రముక్కలు పెట్టి వాల్చాడు. అతని చేతులకీ పట్టీలే. మూడేళ్ళ కిందట ముందుగా పాడైనవి అతని చేతులే.

"చేతిలోకల్లా బలమైంది బొటనవేలు. దానికి ఒక్క స్పేసు తప్ప పనే చెప్పలేదు ఎవడూ. దీర్ఘం, పొల్లు దాని కిందకి తెచ్చీసేను. చిటికెనవేలికి సెలవిచ్చీసేను."

"దాని అదృష్టం," అంది హైమ. "ఇంతేనా?"

"ఇంతయితే భానోజీ నేనూ రెండేళ్ళు ఎందుకు కొట్టుకుంటాం? మీట నొక్కేముందు వేలు ఆగుతుంది కదా, ఎంతసేపు ఆగింది, ఎంత బరువుగా పడింది, వణికిందా, అన్నీ చూస్తాది ఇది. ఏది ఎదురైతే నీ చెయ్యి బరువెక్కుతుందో కనిపెడతాది. కనిపెట్టి దాన్ని నీ దారిలోంచి తప్పిస్తాది. పేరయితే మసకేస్తాది, కిటికీ అయితే చిన్నది చేసి మూలకి తోస్తాది, కబురైతే అడుక్కి జరుపుతాది."

"నా మొహం చూసి కనిపెడతాదా?"

"మొహం అబద్ధమాడుతుందే. వేళ్ళు ఆడవు."

భానోజీ అంటే అతనితోపాటు ఆ మేడమీద పనిచేసే కుర్ర ఇంజనీరు. లోపలి ప్రోగ్రాము అతను రాసిందే. దానికి నిమ్మళం అని పేరు పెట్టింది త్రినాథ్. ఒక్కసారిగా మాయం చేస్తే మనిషి కంగారుపడతాడని, నిమ్మళం రోజుకి కొంచెం కొంచెంగా జరుపుతుంది. పద్నాలుగు నెలలుగా త్రినాథ్ దాంతోనే పనిచేస్తున్నాడు. ఆ వేసవిలో బెంగళూరు నుంచి పెద్ద ఆఫీసువాళ్ళు చూడ్డానికి రాబోతున్నారు. వాళ్ళకి నచ్చితే కొన్ని వేల బల్లలమీద నిమ్మళం కూర్చుంటుంది.

"దీన్ని మళ్ళీ నా చేతికి అలవాటు చెయ్యాలంటే ఎన్నాళ్ళు?"

"అక్కర్లేదు. నా ఫోల్డరు ఇచ్చీస్తాను."

లినక్స్ వాళ్ళలో ఓ ఆచారం ఉంది, బయటివాళ్ళకి తెలీదు. ఏళ్ళ తరబడి తెరని చెక్కుకుంటూ పోతే ఆ చెక్కుడంతా చిన్న చిన్న ఫైళ్ళుగా ఒక ఫోల్డర్లో పోగవుతుంది. దాన్ని బ్యాంకు కాగితాలకన్నా జాగ్రత్తగా దాచుకుంటారు. ఎవరిమీదయినా ప్రేమ పుడితే ఆ ఫోల్డరు ఉన్నదున్నట్టు కాపీ చేసి ఇస్తారు. ఇంతకు మించి ఇవ్వడానికి వాళ్ళ దగ్గర ఇంకేమీ ఉండదు. త్రినాథ్ కూడా హైమ లాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కించి, అలాగే ఇచ్చాడు. రంగులు చూశాడు, అక్షరాల సైజు పెంచాడు, మీటలన్నీ ఒకటికి రెండుసార్లు సరిచూశాడు. ఒక్క ఫైలు తీసేసి ఇవ్వాల్సింది. అది మర్చిపోయాడు.

మొదటి వారం హైమకి ప్రాణం లేచొచ్చింది. అబద్ధమెందుకు, క్లాసయ్యాక చేతులు వేణ్ణీళ్ళలో పెట్టుకోవలసిన అవసరం లేకపోయింది. వేలు ఎక్కడికి వెళ్ళాలనుకుంటే మీట అక్కడే ఉంది. జడ క్లిప్పు మళ్ళీ తనే పెట్టుకుంది. బావకి ఓ మంచిమాట చెబుదామని రెండుసార్లు అనుకుని, జూన్ గుర్తొచ్చి ఊరుకుంది.

రెండో వారంలో కళ్ళు మసకబారుతున్నాయేమో అనిపించింది. తెరమీద కొన్ని చోట్ల అక్షరాలు ఆనడం లేదు. చేతులయ్యాయి, ఇక కళ్ళ వంతు కాబోలు, నలభై ఆరేళ్ళకే ముసలిదాన్నయిపోయాను అనుకుని కళ్ళద్దాల షాపుకి వెళ్తే, కళ్ళు భేషుగ్గా ఉన్నాయని పంపేశారు.

మూడో వారం సోమవారంనాడు క్లాసు మొదలవుతూనే ముందు బెంచీలో సంధ్యారాణి చెయ్యెత్తింది. ఆ పిల్లలు ఒక్కొక్కరికీ ఒక్కో సైగ పేరు పెడతారు. హైమ సైగ, మణికట్టుని రెండువేళ్ళతో పట్టుకోవడం, పట్టీ వేసుకుంటుంది కాబట్టి. సంధ్యారాణి తన మణికట్టు పట్టుకుని చూపించి, తెర వైపు వేలు పెట్టి, రెండు చేతులూ విప్పి 'ఏదీ?' అంది.

హైమ తిరిగి చూసింది. ప్రతి పాఠానికీ తెరపైన మొదటి వరుసలో 'టైపు: హైమ' అని ఉంటుంది. ఇప్పుడు 'టైపు:' అని మాత్రం ఉంది, పక్కన ఖాళీ. లేచి తెర దగ్గరికి వెళ్ళి చూస్తే పేరు అక్కడే ఉంది, వెనకాల రంగులో దాదాపు కలిసిపోయి. మళ్ళీ కొట్టింది. మసగ్గానే పడింది. పిల్లలు నవ్వారు. హైమ కూడా వాళ్ళతోపాటు నవ్వేసి పాఠం మొదలుపెట్టింది.

ఇంటర్వెల్లో భానోజీకి ఫోను చేసింది.

"మీ నిమ్మళానికి నా పేరు గిట్టటం లేదు నాయనా. నా పేరే కొట్టీస్తోంది."

"అదెలగ వదినా? మీ పేరు కొడితే మీకు అలుపెందుకొస్తాది?" అని నవ్వాడు భానోజీ. "ఉండండి, ఫైలు చూసీద్దాం. లినక్స్‌లో దాపరికం ఉండదు, అన్నీ చదువుకోడానికి వీలైన ఫైళ్ళే." ఎక్కడ ఏది తెరవాలో చెప్పాడు. "పేర్లుంటాయి, పక్కన అంకెలుంటాయి. మొదటి అంకె బరువు, నూటికి ఎంత అని. మిగతావి లోపలి లెక్కలు, మీకక్కర్లేదు. పైనేటుంది?"

హైమ చదివింది. "హైమ, తొంభై ఒకటి."

"దాని కింద?"

"ఫిజియో, అరవై నాలుగు. ఇంటి ఓనరు, యాభై ఎనిమిది. బెంగళూరు..." ఆగిపోయింది. తనకి ఫిజియో దగ్గరికి వెళ్ళే తీరికెక్కడిది? ఇంటి ఓనరుకి తను ఒక్క ముక్కా రాసిన పాపాన పోలేదే?

"వదినా, ఆ ఫైలు మీది కాదు," అన్నాడు భానోజీ. "అన్నయ్య మొత్తం ఫోల్డరు కాపీ చేసీసినట్టున్నాడు. మూసీండి దాన్ని."

"మూసీసేను," అంది హైమ. మూయలేదు. ఆ మొదటి వరుస కేసే చూస్తూ కూర్చుంది.

పోయినేడు జూన్ సంగతి చెబుతానన్నాను కదా. జూన్ పన్నెండున హైమకి మణికట్టు స్కానింగు. నరం పూర్తిగా చచ్చిపోయిందని చెబుతారేమో, ఉద్యోగం ఏమవుతుందో అని ఆవిడకి దిగులు. త్రినాథ్ ల్యాబులో ఏదో పరీక్షలో ఉన్నాడు, ఫోను చేసి విసిగించడమెందుకని బయట కుర్చీలో కూర్చుని కబురు పెట్టింది: 'రా బావా, భయంగా ఉంది.' త్రినాథ్ ఫోన్లో మెసేజీలు చూడడు, ఆ తెరమీద బొటనవేలు ఆడిస్తే నొప్పి అతనికి. కబుర్లన్నీ కంప్యూటరుకే వెళ్ళేలా పెట్టుకున్నాడు. గంట చూసింది. రాలేదు. జవాబూ లేదు. తర్వాత ఆవిణ్ణి లోపలికి పిలిచారు, ఒక్కర్తే వెళ్ళింది, ఒక్కర్తే ఆటోలో ఇంటికొచ్చింది.

ఆ సాయంత్రం అడిగితే, "నాకు కనబళ్ళేదే," అన్నాడు త్రినాథ్. కనబళ్ళేదట! ఎదురుగా మూడడుగుల తెర పెట్టుకున్నవాడికి. అబద్ధం చెబుతున్నాడనుకుంది హైమ. అప్పట్నించీ ఇద్దరిమధ్యా మాటలంటే పాలప్యాకెట్టు, గ్యాసు బండ, కరెంటు పోయిందా, వచ్చిందా, అంతే.

ఇప్పుడు తెలిసింది, అతను అబద్ధం చెప్పలేదు. నిజంగానే కనబళ్ళేదు. నిమ్మళం దాన్ని అడుక్కి తోసేసింది. ఎందుకు తోసేసిందీ అంటే, ఆ మనిషి చేతికి ప్రపంచం మొత్తంమీద అన్నిటికన్నా బరువైనది హైమ కాబట్టి. ఇంటి ఓనరుకన్నా కూడా. ఆ అబద్ధమే నయమేమో అనిపించింది ఆవిడకి.

అడగలేదు. ఏమని అడుగుతుంది? ఏం బావా, నేనంటే నీకు తొంభై ఒక్క పాళ్ళు అలుపా అనా? ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ అతని మొహం చూసింది. కళ్ళకింద నలుపు, చేతులకి పట్టీలు, చెంచాతో తింటున్నాడు. నిజంగానే అలిసిపోయిన మనిషే. తనవల్లే అలిశాడా? పులుసు వెయ్యనా అంటే వద్దన్నాడు. అందులో కూడా ఏదో అర్థం వెతికింది, వెతికి వెతికి తనమీద తనకే విసుగొచ్చింది.

భానోజీ మర్నాడు మెల్లిగా ఫోను చేసి, ఆ ఫైలు తీసేస్తే నిమ్మళం కొత్తగా మీ చేతినే నేర్చుకుంటుంది, నలభై రోజులు పడుతుంది అన్నాడు. అన్నయ్యకి చెప్పనా అంటే చెప్పొద్దంది. హైమ ఆ ఫైలు తీసేయలేదు, 'పాతది' అని పేరు మార్చి పక్కన పెట్టింది. ఎందుకు దాచిందో ఆవిడకే తెలీదు. దెబ్బతగిలిన చోటే మళ్ళీ మళ్ళీ తడుముకుంటాం చూడండి, అలాంటిదే అయుండాలి.

ఆ నలభై రోజులూ ఎలా గడిచాయంటే గడిచాయి. తెరమీద పేరు తిరిగొచ్చింది. సంధ్యారాణి మణికట్టు పట్టుకుని చప్పట్లు కొట్టింది. పాఠాలు నడిచాయి. మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు హైమ బావకి రాయాలని కూర్చునేది. 'నేను నీకు బరువైతే చెప్పు' అని కొట్టేది, చెరిపేసేది. 'మా అక్క దగ్గరికి కొన్నాళ్ళు పోతాను' అని కొట్టేది, చెరిపేసేది. 'బావా' అని మాత్రం కొట్టి, చెరిపేసి, కంప్యూటరు మూసేసేది. విజయనగరంలో ఉన్న అక్కతో ఫోన్లో మాట్లాడి, వేసవి సెలవులకి వస్తానంది. ఎన్నాళ్ళుంటావే అంటే చూద్దాంలే అంది. తిరిగి వస్తానో రానో తనకే తెలీని ప్రయాణం అది.

ఏప్రిల్లో ఓ శనివారం, మర్నాడు ప్రయాణమనగా, పెట్టె సర్దుకుని లాప్‌టాప్ అందులో పెట్టబోతూ ఆగింది. నలభై రోజులు దాటిపోయాయి. తన ఫైల్లో ఏముందో చూద్దామనిపించింది. ఎకనామిక్సు మాస్టారు మొదట ఉంటాడు, ఆయన వేగానికి వేళ్ళు పడిపోతున్నాయి అనుకుంటూ తెరిచింది.

మొదటి వరుస: బావ, తొంభై ఆరు.

"ఓలమ్మో," అంది పైకే.

మాస్టారు యాభై రెండు దగ్గర ఉన్నాడు పాపం. తొంభై ఆరు! అతనికి తను బరువైనదానికన్నా, తనకి అతను ఎక్కువ బరువా? అబద్ధం. పచ్చి అబద్ధం. ఈ మనిషంటే తనకి విసుగు ఉంది, కోపం ఉంది, జూన్ పన్నెండు గుండెలో ముల్లులా ఉంది. కానీ అలుపా? అతనితో మాట్లాడాలనే కదా నలభై రోజులూ రోజూ కూర్చుంది! కూర్చుని, వేలు మీటమీద పెట్టి, ఆగి, వణికి, బరువుగా నొక్కి...

హైమ అక్కడ ఆగింది. తొంభై ఆరు పక్కన ఇంకో అంకె ఉంది, మూడు వందల ఎనభై ఎనిమిది. మాస్టారి పక్కన సున్నా. కాలేజీ ఆఫీసు పక్కన రెండు. వెంటనే భానోజీకి ఫోను చేసింది.

"బరువు పక్కన ఉండేది ఏటి నాయనా?"

"అదా వదినా? రాసి, పంపకుండా చెరిపీసిన మాటలెన్ని అని. రాయడం ఒక శ్రమ, చెరపడం ఇంకో శ్రమ కదా, అందుకని దాన్ని రెండింతలు చేసి బరువులో కలిపీసేను."

"నువ్వే కలిపేవా?"

"అవును. ఏటయింది?"

ఫోను పెట్టేసి హైమ 'పాతది' తెరిచింది. ఫిజియో, అరవై నాలుగు, పక్కన సున్నా. ఇంటి ఓనరు, యాభై ఎనిమిది, పక్కన మూడు. ఇంటి ఓనరుకి రాసేటప్పుడు ఎవరు చెరుపుకుంటారు? నోటికొచ్చింది రాసి పారేస్తారు. పైన, హైమ, తొంభై ఒకటి. పక్కన రెండువేల నూట నలభై.

రెండువేల నూట నలభై మాటలు. తనకి రాసి, తనకి పంపకుండా.

లాప్‌టాప్ చంకలో పెట్టుకుని మేడమెట్లెక్కింది. త్రినాథ్ ఒక్కడే ఉన్నాడు, సోమవారం రాబోయే బెంగళూరువాళ్ళ కోసం కొత్త బొత్తాలు బిగిస్తున్నాడు. అతని ముందు రెండు ఫైళ్ళూ పక్కపక్కన తెరిచి పెట్టి, తను స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇది నీది. నీ ఫోల్డర్తో పాటు వచ్చీసింది. ఇది నాది."

త్రినాథ్ చదివాడు. మొదట తన తప్పేమిటో అర్థమై, "అయ్యో, ఆ ఫైలు..." అన్నాడు. తర్వాత పైవరుస చూశాడు. తర్వాత ఆవిడ ఫైల్లో పైవరుస చూశాడు. చేతిలో బొత్తం బల్లమీద పెట్టేశాడు.

"నీ మెసేజీలు రావటం మానీసేయి," అన్నాడు. "నువ్వే రాయడం మానీసేవనుకున్నాను. స్కానింగు రోజుని కూడా నువ్వేదో రాసేనన్నావు, నాకేటీ కనబళ్ళేదు, నన్ను నిష్ఠూరమాడ్డానికి అలగంటున్నావేమో అనుకున్నాను."

"నేనలాంటిదాన్నా?"

"కాదు. అందుకే అడగలేకపోయేను."

"ఏం రాసి చెరిపేవు బావా అన్ని మాటలు?"

త్రినాథ్ తన చేతులకేసి చూసుకున్నాడు. "మొదట్లోనయితే... ఇంక ఇవి బాగుపడవన్నారు. ఇంకో నాలుగైదేళ్ళు, ఆ తర్వాత చొక్కా గుండీ కూడా పెట్టుకోలేనన్నారు. ఇంట్లో నీ ఎదురుగా చెప్పడం చేతకాలేదు. ఇక్కణ్ణించి రాద్దామని కూర్చునేవాణ్ణి. రాయడం, చెరపడం. సరిగ్గా అప్పుడే దీన్ని పెట్టుకున్నాను. ఇదేమో, హైమ అనగానే వీడి చెయ్యి బరువెక్కుతోందని నిన్ను పక్కకి జరపడం మొదలెట్టుంటాది. నువ్వు కనబళ్ళేదు. కనబడకపోతే నీకు కోపం వచ్చిందనుకుని ఇంకా జంకేను. జంకితే అది ఇంకా జరిపింది."

"పద్నాలుగు నెలలు," అంది హైమ.

"ఇప్పుడు పదహారు," అన్నాడు త్రినాథ్.

ఏడుద్దామన్నా హైమకి ఓపిక లేదు. అతని చేతులు ఇక బాగుపడవన్న సంగతి ఇప్పుడే కదా తెలిసింది. దాన్ని మోయడానికి కాస్త టైము పడుతుంది మరి.

భానోజీ వచ్చాడు. విషయం విని కుర్చీలో కూలబడ్డాడు. అంతలోనే తేరుకుని, "ఒక్క లైను చాలు అన్నయ్యా. చెరిపిన మాటల్ని బరువులోంచి తీసీస్తాను. సోమవారానికి రెడీ అయిపోతాది," అన్నాడు.

"అది తీసీస్తే ఇంకోటి ఉంటాది. నా చెయ్యెందుకు ఆగిందో నాకే తెలీదు, దానికెలగ తెలుస్తాది?" అన్నాడు త్రినాథ్. "బెంగళూరువాళ్ళకి రావద్దని చెప్పీ. అడక్కుండా ఏదీ జరపనిది తయారయ్యాక చూద్దాం. అవకపోతే లేదు."

భానోజీ మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. రెండేళ్ళ కష్టం, అతని కోపం అతనిది. త్రినాథ్ తన కంప్యూటరు ముందుకి జరిగి నిమ్మళాన్ని తీసేశాడు. ఫోల్డర్లో ఒక వరుస, దాన్ని చెరిపేస్తే అయిపోయింది. హైమ పెట్టిన కబుర్లు అడుగునుంచి ఒక్కొక్కటే పైకి రావడం మొదలుపెట్టాయి. పాలు లేవు. అత్తయ్యకి జ్వరం తగ్గింది. తిన్నావా. ఇవాళ పిల్లలు నాకో సైగ పేరు పెట్టేరు, ఇంటికొచ్చేక చూపిస్తాను. తిన్నావా. వాన పడుతోంది గొడుగు మెట్లమీద పెట్టేను. మూడు వందల పైచిలుకు ఉన్నాయి.

అతను చదువుతూంటే పక్కన కూర్చోలేక హైమ లేచి కిందికి వచ్చేసింది. మధ్యాహ్నం పన్నెండు దాటింది, ఇద్దరికీ అన్నం వండాలి కదా. సర్దిన పెట్టె హాల్లో అలాగే ఉంది. కుక్కరు పెట్టి, వంకాయలు కోద్దామని కత్తిపీట తీస్తే మణికట్టు కలుక్కుమంది. బియ్యపు డబ్బా మూత బిగుసుకుంటే మోకాళ్ళమధ్య పెట్టుకుని తీసే అలవాటు ఎప్పట్నించో ఉంది, ఇక ముందు బావకి గుండీలు కూడా తనే పెట్టాలి, ఏ చేతుల్తో పెడుతుందో. పైనించి టకటకమని చప్పుడు వినిపించింది. అది ఏటికొప్పాక బొత్తాల చప్పుడు కాదు, వేళ్ళ బరువు లెక్కపెట్టని మామూలు పలక కీబోర్డుది. ఆగి ఆగి, చాలా నెమ్మదిగా కొడుతున్నాడు.

గట్టుమీద ఫోను మోగింది. హైమ తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని చూసింది. పైన పోయినేడు జూన్ పన్నెండున తను రాసింది, రా బావా, భయంగా ఉంది. దాని కింద జవాబు.

'వస్తన్నాను హైమా. అక్కడే ఉండు.'

మెట్లమీద అడుగుల చప్పుడయింది. హైమ స్టవ్ కట్టేసి అక్కడే నిలబడింది.